వెదకని పుస్తకము దొరకు చోటు

మన పట్టణములలో పుస్తకాల దుకాణములు ఒక్కటొక్కటిగా మూతపడుచున్న సంగతి ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల, ఈ కాలపు పిల్లలు చదువుట మానివేసిరి గనుక దుకాణములు మూతపడక యేమగునని పెద్దలు నిట్టూర్చుటయు, ఆ నిట్టూర్పుతోనే చర్చ ముగిసిపోవుటయు పరిపాటియైనది. ఈ తీర్పు సులభమైనది. కాని సత్యమైనది కాదు. 1989లో ఆరంభమై జనవరి ప్రథమార్ధమున విజయవాడలో జరుగుచున్న పుస్తక మహోత్సవమునకుగాని, సామాన్యముగా డిసెంబరులో హైదరాబాదున జరుగు పుస్తక ప్రదర్శనకుగాని ఒక్క సాయంకాలము పోయి నిలుచున్నవారు, చంకన బిడ్డతో వచ్చిన తల్లులను, జేబులోని చీటీ తీసి పేర్లు సరిచూచుకొను విద్యార్థులను, సంచి బరువునకు చేయి మార్చుకొనుచు బస్సు కొరకు నడచిపోవు వృద్ధులను చూచియే యుందురు. పఠనాభిలాష నశించిన జాతి ఇట్లు ధూళిలోను గుంపులోను నిలువబడి, కష్టార్జితమైన పైకమిచ్చి పుస్తకములు మోసికొనిపోదు. నశించుచున్నది అభిలాష కాదు. ఉత్సవము ముగిసి పందిళ్లు విప్పిన పిమ్మట మిగిలిన సంవత్సరమంతయు ఆ యభిలాషకు ఆశ్రయమిచ్చిన స్థలము.

తెలుగునాట గ్రంథ ప్రచురణ చరిత్రను పరికించినచో, అది గ్రంథములు వ్రాసినవారి చరిత్ర యెంతయో, వ్రాసినదానిని చదువరి చేతికి చేర్చుటకు దారులు కనుగొన్నవారి చరిత్రయు అంతయేయని బోధపడును. 1854లో చెన్నపట్టణమున వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు స్థాపించిన ముద్రణాలయము, అంతవరకు తాళపత్రములను దాటి సామాన్యునకు అందరాని కావ్యములనెన్నింటినో పరిష్కరించి, సామాన్య గృహస్థు కొని యింట దాచుకొనదగిన ప్రతులుగ చేసెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు హైదరాబాదున నెలకొల్పిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర శాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించి, అట్టివానికి చదువరులు గలరని నిరూపించెను. 1926లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్ర గ్రంథమాలకు ఉపక్రమించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు కాలువపై పడవలో గ్రంథాలయమును నడపి, రేవు రేవునను ఆగి రైతులకు పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనిరి. అటుపిమ్మట ఎమెస్కోవారు ‘ఇంటింట సొంత గ్రంథాలయము’ అను పథకమున తపాలా ద్వారా చౌక ప్రతులను పంపిరి. విశాలాంధ్రవారు వ్యానులలో పుస్తకములు నింపి ఊరూర తిప్పిరి. 1980లో ఏర్పడిన హైదరాబాదు బుక్ ట్రస్టువారు ‘ఏడు తరాలు’ వంటి అనువాదములను కూలినాలి చేసికొను చదువరికి సైతము అందుబాటగు వెలకు అమ్మిరి. వీరిలో ఏ యొక్కరును పాఠకుడు తనంతట తాను నడచివచ్చునని చేతులు కట్టుకొని కూర్చుండలేదు. పాఠకుడు ఎదురుచూడని చోట పుస్తకము అతనికి ఎదురుపడునట్లు చేయుటయే వారి యావజ్జీవ వ్యవసాయము.

పుస్తకాల దుకాణము ఈ వ్యవసాయమునందు నారుమడి వంటిది. దాని పని పుస్తకము నమ్ముట మాత్రమే యని తలంచువారు దాని విలువను సగమైనను గ్రహింపలేదని నా నిశ్చితాభిప్రాయము. ఏ పుస్తకము కావలెనో తెలిసినవానికి ఆ పుస్తకము ఎక్కడనైనను దొరకును, నేడు దొరకకున్న రేపు దొరకును. ఏమి కావలెనో యింకను తెలియనివానికి, అనగా పాఠకుడు కాబోవుచు ఇంకను కానివానికి, తన మనస్సు నెరుగునట్టి చోటు ఒక్కటి కావలెను. ఆ చోటు బడిలో లేదు. అక్కడ పుస్తకము పరీక్షకు బంటు. చాల యిండ్లలోను లేదు. ఊరి నడిబొడ్డున, సాయంకాలము దీపములు వెలిగించుకొని, కొనినను కొనకున్నను లోనికి రానిచ్చు ఒక గదిలో ఉండెడిది.

అట్టి గది యొకదానిని నేనెరుగుదును. విజయవాడ ఏలూరు రోడ్డు ప్రక్క సందులో, ముందు భాగమున పాఠ్యపుస్తకములు, గైడులు, తెల్లకాగితముల దస్తాలు, వెనుక భాగమున కథలు, నవలలు, సోవియట్ దేశమునుండి వచ్చిన చౌక పుస్తకములు పెట్టి యమ్ముచుండిరి. వెనుక భాగమునకు పోవలెనన్న ముందు భాగమును దాటవలెను. కాని గైడు కొనవచ్చిన కుఱ్ఱవాడు కౌంటరు వద్ద నిలిచి చిల్లర కొరకు ఎదురుచూచునప్పుడు అతని దృష్టి సోకు ఎత్తునందే గుమాస్తాగారు వెనుక భాగపు పుస్తకములను రెండు మూడు తెచ్చి నిలబెట్టుచుండెడివారు. ఏవి నిలబెట్టవలెనో ఆయనకు తెలియును. భౌతికశాస్త్రము గైడు కొరకు పోయిన నా చేతిలో, యా. పెరెల్మాన్ రచించిన ‘నిత్యజీవితంలో భౌతికశాస్త్రం’ పెట్టి, “గైడు పరీక్ష దాకానే బాబూ, ఇది చదివి చూడు, నచ్చకపోతే తిరిగి తెచ్చెయ్” అనిరి. దాని వెల గైడు వెలలో సగము కూడ లేదు. చేతిలో ఉన్న డబ్బు చాలకపోగా, పొడుగుపాటి ఖాతా పుస్తకమున నా పేరు వ్రాసికొని, కాగితమున చుట్టి పురికొస కట్టి యిచ్చిరి. నేను దానిని తిరిగి ఇయ్యలేదు. తరువాతి కాలమున నేను చదివిన వందల పుస్తకములకు దారి ఆ కౌంటరు మీదుగనే పోయినది. నా వంటివారు ఆ ఖాతా పుస్తకమున ఎందరుండిరో ఆయనకే తెలియవలెను. పుస్తకమును చదివి, చదివినవానిని గుర్తుంచుకొని, ఎవరికి ఏది ఇయ్యవలెనో నిర్ణయింపగల అట్టి గుమాస్తాకు ఏ కళాశాలయు శిక్షణ నియ్యలేదు, ఏ సంస్థయు బిరుదు నియ్యలేదు. తెలుగువారి సాహిత్య సంస్కారమున ఆయన వాటా ఏ పీఠాధిపతి వాటాకును తీసిపోదు.

ఇట్టి దుకాణములు ఏల మూతపడుచున్నవను ప్రశ్నకు సమాధానము భావోద్వేగములలో కాక, లెక్కలలో వెదకవలెను. రెండువందల రూపాయల పుస్తకము నొకదానిని తీసికొందము. ప్రచురణకర్త పంపిణీదారునకు నూటికి నలువది చొప్పున కమీషను ఇచ్చెననుకొన్న, అందులో ముప్పది దుకాణదారునకు పోగా అతని చేతికి అరువది రూపాయలు వచ్చును. అలవాటుపడిన ఖాతాదారుడు పదిశాతము తగ్గింపు అడుగును. కాదన్న మరల రాడు. అంతట నలువది మిగులును. ఈ నలువదిలో నుండియే నడివీథి అద్దె, గుమాస్తా జీతము, విద్యుత్తు, చెదలకు తేమకు పోయిన ప్రతుల నష్టము భరింపవలెను. అదియైనను పుస్తకము అమ్ముడుపోయిన దినమున గదా! సాహిత్య గ్రంథము నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి బీరువాలో నిరీక్షించును. ఆ నిరీక్షణయే దాని స్వభావము. అద్దెకు మాత్రము నిరీక్షణ తెలియదు. పట్టణముల ప్రధాన వీథులలో అద్దెలు పెరిగిన కొలది, అదే గదిని సెల్‌ఫోనుల వ్యాపారికో చీరల వ్యాపారికో ఇచ్చిన ఎన్నో రెట్లు రాగల యజమాని పుస్తకాలవానిని ఎన్నాళ్లు ఉంచుకొనగలడు?

దీనికంటె లోతైన కారణము మరియొకటి గలదు. దీనిని గూర్చి చర్చించువారు తక్కువ. పూర్వము ఊరి పుస్తకాల దుకాణమునకు జీవనాధారము జూన్, జూలై మాసములు. బడులు తెరచు ఆ రెండు నెలలలో పాఠ్యపుస్తకములు, నోటుపుస్తకములు అమ్మి ఆర్జించిన లాభముతో మిగిలిన పది నెలలు కథలను, కవిత్వమును బీరువాలలో నిలుపగలిగెడివారు. నేడు ప్రైవేటు పాఠశాలలలోను కార్పొరేటు కళాశాలలలోను అనేకము తమ పుస్తకములను, తమ ‘మెటీరియల్’ను, తుదకు అట్టలు వేయు కాగితమును సైతము ఆవరణలోనే అమ్ముచున్నవి, విద్యార్థి బజారుకు రావలసిన పనియే లేదు. బజారుకు రాని విద్యార్థికి కౌంటరు వద్ద నిలబెట్టిన రెండవ పుస్తకము కనబడదు. ఒక్క దెబ్బతో దుకాణమునకు ఆదాయము పోయినది, సాహిత్యమునకు కాబోవు పాఠకుడును పోయినాడు. పట్టణములలో నేటికిని నిలిచియున్న బుక్ షాపులలో పెక్కు పోటీపరీక్షల పుస్తకములతోను, పెన్నులు ఫైళ్లతోను ప్రాణము నిలుపుకొనుచున్నవి. వారిని నిందింపవలసిన పని లేదు; వారికి ఉన్న దారి అదియొక్కటే.

ప్రచురణకర్తల బాధయు న్యాయమైనదే. అమ్మిన పుస్తకముల పైకము దుకాణములనుండి రాబట్టుకొనుటకు ఏడాదులు తిరిగినవారున్నారు. పుస్తకముపై వస్తుసేవల పన్ను లేదని సంతోషింతుము గాని, కాగితముపైనను అచ్చుపనిపైనను చెల్లించిన పన్నును, పుస్తకము పన్ను పరిధిలో లేదను కారణముననే, ప్రచురణకర్త తిరిగి రాబట్టుకొనలేడు. ఆ భారము పుస్తకపు వెలలో చేరుచున్నది. వెయ్యి ప్రతులు అచ్చువేయుట సామాన్యమైన చోట మూడువందలు, ఐదువందలు వేయుట సామాన్యమైనది. అంత కొలది ప్రతులలో నుండి ఏ ఊరి దుకాణమునకు ఎన్ని పంపగలరు? కావున రచయితయే తన ఫోను నంబరును ప్రకటించి, వాట్సాపులో చిరునామా తెప్పించుకొని, పొట్లము కట్టి తపాలాలో వేయుచున్నాడు.

అంతర్జాల వ్యాపారమును దూషించుట నా యుద్దేశము కాదు. 2007లో బెంగుళూరున ఆరంభమైన ఫ్లిప్‌కార్టువారు అమ్మిన మొట్టమొదటి వస్తువు ఒక పుస్తకము. దానిని కొన్నవాడు మహబూబ్‌నగర్ వాసియైన ఒక పాఠకుడు. ఈ చిన్న సంగతిలో మన పుస్తక వ్యాపార చరిత్ర యంతయు ఇమిడియున్నదని నాకు తోచును. జిల్లా కేంద్రమున నివసించు చదువరికి తాను కోరిన గ్రంథమును ఇంటికి తెచ్చియిచ్చు ఉపాయము లభించినది. అది అతనికి అంతకు ముందు లేని సౌకర్యము. మారుమూల పల్లెలోని ఉపాధ్యాయునకును, అమెరికాలో స్థిరపడి తెలుగు పుస్తకమునకై పరితపించు గృహిణికిని ఈ పద్ధతి చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఇటీవలి సంవత్సరములలో హైదరాబాదునుండి ఛాయ, అన్వీక్షికి వంటి ప్రచురణ సంస్థలు క్రొత్త రచయితలను చక్కని ముద్రణతో వెలికి తెచ్చుట యందును ఈ మార్గము తోడ్పడినది.

ఐనను ఈ మార్గమునకు ఒక పరిమితి గలదు. అది దాని నిర్మాణమునందే యున్నది. అది అడిగినదానిని ఇచ్చును. పేరు తెలిసి, ఆ పేరును వ్రాసి వెదకినవానికి చూపును. ఇదివరకు కొన్నదానిని బట్టి, అట్టిదే మరియొకటి చూపును. గైడు కొన్న కుఱ్ఱవానికి అది ఇంకొక గైడును చూపును, పెరెల్మానును చూపదు. తయారైన పాఠకునకు అది చక్కని సేవకుడు; పాఠకుని తయారుచేయు శక్తి దానికి లేదు. ఒక తరము పాటు తయారైన పాఠకులతోనే వ్యాపారము సాగవచ్చును. వారి తరువాత కొనువారెవ్వరు?

ఇది మన యొక్కరి కష్టము కాదు. ముంబయిలో 1948లో పుట్టిన స్ట్రాండ్ బుక్ స్టాల్ 2018లో మూతపడినది. బెంగుళూరు ప్రీమియర్ బుక్‌షాపు 2009లోనే మూతపడినది. ఇతర దేశములు ఈ సమస్యకు ఏమి చేసెనో చూచుట మేలు. ఫ్రాన్సు దేశము 1981లో చేసిన చట్టము ప్రకారము క్రొత్త పుస్తకముపై ఎవ్వరును నూటికి ఐదుకు మించి తగ్గింపు ఇయ్యరాదు. ఇంటికి ఉచితముగ చేర్చుట యను మిషతో ఆ నియమమును దాటుచున్నారని గ్రహించి, ముప్పదియైదు యూరోలకు తక్కువైన కొనుగోళ్లపై కనీసము మూడు యూరోల రవాణా రుసుము వసూలు చేయవలెనని 2023లో నిర్దేశించిరి. బ్రిటనులో దాదాపు శతాబ్ద కాలము అమలులో నుండిన ధర ఒప్పందము 1990వ దశకమున కూలిపోయిన తరువాత అక్కడి చిన్న దుకాణములు ఎన్నో అంతరించినవి. వెల సమానముగ నున్నప్పుడు కొనువాడు తనకు దగ్గరగా ఉన్న దుకాణమునకు పోవును. ఇందులో గొప్ప సిద్ధాంతమేమియు లేదు. ఒక పుస్తకము వెలువడిన తొలి సంవత్సరమున పదిశాతమునకు మించి తగ్గింపు కూడదను చట్టము మన దేశమున చేయుట అసాధ్యమని నేననుకొనను. ప్రచురణకర్తలు తమలో తాము ఒప్పందము చేసికొన్న అది పోటీ చట్టమునకు విరుద్ధమగునను భయము గలదు గనుక, పూనుకొనవలసినది ప్రభుత్వమే.

తపాలాశాఖ విషయమున ప్రభుత్వము చేసినది మాత్రము చేటు. చిన్న ప్రచురణకర్తలకు కొండంత అండగా నుండిన రిజిస్టర్డు బుక్ పోస్టు సదుపాయమును 2024 డిసెంబరులో అకస్మాత్తుగ తొలగించిరి. తరువాత 2025 మే నెలనుండి ‘జ్ఞాన్ పోస్ట్’ అను పేర, మూడువందల గ్రాముల వరకు ఇరువది రూపాయల రుసుముతో ఒక సేవను ప్రవేశపెట్టిరి, అది సంతోషమే. కాని నడుమ పోయిన నెలలలో, వందరూపాయల పుస్తకమునకు సగము వెల తపాలా ఖర్చేయైన చోట, ఎన్ని కొనుగోళ్లు ఆగిపోయినవో ప్రచురణకర్తల నడిగిన తెలియును.

దుకాణములు తరిగినను వెదకని పుస్తకము నేటికిని దొరకు చోటొకటి హైదరాబాదున మిగిలియున్నది: ఆదివారపు అబిడ్స్. మూసిన దుకాణముల ముందు కాలిబాటపై పరచిన పాత పుస్తకముల నడుమ ఒక ఉదయము గడిపినవారికి, గతించిన పాఠకుల గృహగ్రంథాలయములు ముక్కలై అక్కడ కనిపించును. ఆచ్ఛాదన పత్రము లోపలి వైపున, వివాహ సందర్భమున స్నేహితులు వ్రాసి యిచ్చిన శుభాకాంక్షలు నీలి సిరాలో ఉండును. పెండ్లికి పుస్తకము కానుకగా ఇచ్చుట ఒకప్పుడు మన మధ్యతరగతి యిండ్లలో సహజమైన మర్యాద. ఆ పుస్తకములు కొన్నవారు విద్వాంసులు కారు, ధనవంతులు కారు; గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు. జీతము వచ్చిన దినమున ఒక పుస్తకము కొనుట వారికి వ్రతము. ఆ వ్రతమునకు గుడి ఊరి పుస్తకాల దుకాణమే.

ఇక మిగిలినది గ్రంథాలయముల సంగతి. నా దృష్టిలో పరిష్కారమునకు తాళపుచెవి ఇచ్చటనే యున్నది. 1960లో చేసిన గ్రంథాలయ చట్టము ననుసరించి స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయ పన్నును వసూలు చేయుచున్నవి. ఆ పైకము జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరవలెను. చేరుటలో జాప్యము, చేరకుండుట, పేరుకొన్న బకాయిలు రెండు రాష్ట్రములలోను ఏనాటినుండియో వినవచ్చుచున్న ఫిర్యాదులు. పర్యవసానముగ క్రొత్త పుస్తకముల కొనుగోలు నియమముగ జరుగదు. పఠనమందిరములలో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువకులు తమ పుస్తకములు తామే తెచ్చుకొని కూర్చుండి చదువుకొనుచున్నారు. వారికి నీడ దొరకుట మంచిదే. కాని అయ్యంకి వేంకటరమణయ్యగారి వంటివారు జీవితము ధారపోసి నిలిపిన గ్రంథాలయోద్యమము బల్లలకును పంకాలకును పరిమితము కాదగినది కాదు. ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థయు సంవత్సరమున కొకసారి, నిర్ణీత మాసమున, తన కొనుగోలులో ఒక భాగమును ఆ జిల్లాలోని పుస్తకాల దుకాణముల ద్వారానే, ముద్రిత వెలకు, సకాలమున పైకము చెల్లించి కొనవలెనను నియమము పెట్టినచో, నలువది రూపాయలు మిగులు చోట అరువది మిగిలి, కనీసము జిల్లా కేంద్రమున ఒక దుకాణమైనను బ్రతికి బట్టకట్టును. దీనికి క్రొత్త పన్ను అక్కరలేదు, క్రొత్త శాఖ అక్కరలేదు.

గ్రంథాలయ పన్ను ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. ఇల్లుగల ప్రతివాడును దానిని ఇప్పటికే చెల్లించుచున్నాడు. చదువరులారా, మీ పురపాలక సంఘ సభ్యుడు ఈసారి ఎదురుపడినప్పుడు, మా వీథినుండి వసూలైన ఆ పైసలు గ్రంథాలయ సంస్థకు చేరెనా, వానితో ఏ పుస్తకములు కొనిరి, ఎవరి వద్ద కొనిరి అని అడుగుడు. అడుగుటకు మీకు హక్కు గలదు.